విండోస్ 10 గడువు తీరింది: సరిహద్దు ఇళ్ళలోని పాత కంప్యూటరుకు ఏది దారి?

1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి తాలూకా మైసూరు రాష్ట్రంలో చేరినప్పుడు రూపనగుడిలో ఏ ఇల్లూ తన చోటు నుండి కదలలేదు. బావులు, పొలాలు, గుడి, వీధిలో వినబడే మాట, అన్నీ ముందురోజు ఉన్నట్లే ఉన్నాయి. అర్జీ ఏ కచేరీకి పెట్టుకోవాలి, దానికి జవాబు ఏ లిపిలో వస్తుంది అన్నవి మాత్రం మారాయి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి వెళ్ళగా, బళ్ళారి తాలూకా న్యాయమూర్తి మిశ్ర విచారణ అనంతరం ఇటు వచ్చింది. మనిషి కదలకుండానే అతని చుట్టూ గీత మారిపోవడం ఈ ప్రాంతపు పెద్దలకు తెలిసిన అనుభవమే.

2025 అక్టోబరు 14న మన ఇళ్ళలోని కంప్యూటర్లకు అటువంటిదే జరిగింది. బల్లమీది పెట్టె మారలేదు, తెర మారలేదు, లోపలి ఫైళ్ళు మారలేదు. అయితే ఆ రోజుతో విండోస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు, అంటే కంప్యూటరును నడిపించే మూల సాఫ్టువేరుకు, మైక్రోసాఫ్ట్ సంస్థ తన సాధారణ రక్షణ బాధ్యతను ముగించింది. 2015 జులై 29న విడుదలైన విండోస్ 10 గురించి, ఇదే ఆఖరి విండోస్ అని ఆ సంస్థ ఉద్యోగి ఒకరు అదే సంవత్సరం ఒక సభలో చెప్పారు. ఆ మాట ఆరేళ్ళు నిలిచింది. 2021 అక్టోబరు 5న విండోస్ 11 వచ్చింది.

అప్పటి నుండి మన పల్లెల్లో రెండు మాటలు వినబడుతున్నాయి. పట్టణంలోని అంగడివారు కొందరు "ఇక ఈ యంత్రం పనికిరాదు, కొత్తది తీసుకోండి" అంటున్నారు. ఇంట్లోని కుర్రవాళ్ళు "ఏమీ కాదు, నడుస్తూనే ఉంది కదా" అంటున్నారు. రెండు మాటల్లోనూ సగం నిజం ఉంది. మిగిలిన సగాన్ని తెలుసుకోకుండా ముప్పై నలభై వేల రూపాయలు ఖర్చు పెట్టడమూ తగదు, ఏమీ చేయకుండా కూర్చోవడమూ తగదు.

గేటు కొట్టుకుపోయిన రాత్రి

రక్షణ ముగియడం అంటే ఏమిటో మనవారికి చెప్పడానికి తుంగభద్రను మించిన ఉదాహరణ లేదు. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. ఉన్నవి 33 గేట్లు, పోయినది ఒకటి. ఆ ఒక్క సందు నుండి పోయిన నీరు ఎన్ని ఎకరాల పైరుకు సరిపోయేదో కాలువ కింది రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. అప్పుడు ఆనకట్టను కూల్చి కొత్తది కట్టలేదు. పారుతున్న నీటిలోనే స్టాప్‌లాగ్ పలకలను ఒకదాని మీద ఒకటి దింపి, వారం రోజుల్లో ఆ సందును మూశారు.

కంప్యూటరు లోపలి వ్యవస్థలోనూ ఇటువంటి సందులు తరచుగా బయటపడుతుంటాయి. కోట్లాది వరుసల ఆజ్ఞలతో వ్రాసిన సాఫ్టువేరులో లోపం లేకుండా ఉండడం సాధ్యం కాదు. లోపం బయటపడగానే సంస్థ ఒక అతుకును తయారుచేసి ఇంటర్నెట్టు ద్వారా పంపుతుంది. మైక్రోసాఫ్ట్ ఈ అతుకులను ప్రతినెలా రెండవ మంగళవారం విడుదల చేయడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. "అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు" అంటూ మన కంప్యూటరు విసిగించేది ఇందుకే. గడువు తీరిన తరువాత ఆనకట్ట నిలిచే ఉంటుంది, నీరూ నిలిచే ఉంటుంది. గేటు పోతే స్టాప్‌లాగ్ దింపేవారే ఉండరు.

ఇది ఉత్త భయం కాదనడానికి తెలుగునేలపైనే నిదర్శనం ఉంది. 2017 మే 12న వానాక్రై అనే దుష్ట సాఫ్టువేరు ప్రపంచమంతటా వ్యాపించింది. అది కంప్యూటరులోని ఫైళ్ళన్నిటినీ గూఢలిపిలోకి మార్చివేసి, వాటిని విడిపించాలంటే 300 డాలర్లు కట్టమని తెరమీద అడిగేది. ఆ దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల నుండి అటువంటి సమాచారం వచ్చింది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. వానాక్రై దూరిన సందుకు మైక్రోసాఫ్ట్ అతుకును 2017 మార్చి 14నే విడుదల చేసింది. దాడికి దాదాపు రెండు నెలల ముందే మందు సిద్ధంగా ఉంది. ఆ దాడికి బలైన కంప్యూటర్లలో అత్యధికం విండోస్ 7 నడిపేవి. దాని గడువు అప్పటికి తీరనేలేదు, 2020 జనవరి 14 వరకు ఉంది. వాటి యజమానులు అతుకు వేసుకోలేదు, అంతే. అంటే ప్రమాదం యంత్రపు వయస్సులో లేదు. అతుకు రాకపోవడంలో ఉంది, లేదా వచ్చినా వేసుకోకపోవడంలో ఉంది. కొత్త కంప్యూటరు కొని అప్‌డేట్లను ఆపివేసిన ఇంటికంటే, పాత కంప్యూటరుకు ప్రతినెలా అతుకు వేయించుకునే ఇల్లు భద్రం.

ఒక సంవత్సరపు వాయిదా

వ్యక్తిగత వినియోగదారులకు మైక్రోసాఫ్ట్ ఒక వాయిదాను ఇచ్చింది. విస్తరించిన భద్రతా అప్‌డేట్లు అనే ఈ ఏర్పాటులో నమోదైన విండోస్ 10 కంప్యూటరుకు 2026 అక్టోబరు 13 వరకు ముఖ్యమైన రక్షణ అతుకులు వస్తాయి. నమోదుకు మూడు దారులు పెట్టారు. కంప్యూటరు సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాతో అనుసంధానిస్తే ఉచితం. ఆ సంస్థ వారి రివార్డ్స్ పాయింట్లు 1,000 ఉన్నా సరిపోతుంది. రెండూ వద్దనుకుంటే 30 డాలర్లు లేదా దానికి సమానమైన స్థానిక ధర కట్టాలి. ఒక ఖాతా కింద పది కంప్యూటర్ల వరకు ఈ సదుపాయాన్ని వాడుకోవచ్చు. షరతు ఏమంటే కంప్యూటరులో విండోస్ 10 యొక్క చివరి రూపమైన 22హెచ్2 ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పుటను తెరిస్తే నమోదుకు లంకె అక్కడే కనబడుతుంది.

ఇందులో చేరకపోయినా యంత్రం ఒక్కసారిగా మూగబోదు. వైరస్‌లను గుర్తించే డిఫెండర్ సమాచారం 2028 అక్టోబరు వరకు అందుతుందనీ, ఎడ్జ్ బ్రౌజరుకు కనీసం అప్పటివరకు అప్‌డేట్లు ఉంటాయనీ మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అయితే ఇవి ఇంటి తలుపుకు వేసే గడియల వంటివి. గోడలోని పగులును అవి పూడ్చవు.

పాత వ్యవస్థ నిజంగా ఎప్పుడు చస్తుందో విండోస్ 7 చూపించింది. 2020లో దాని గడువు తీరినా మన ప్రాంతంలో ఎందరో దానినే వాడుకున్నారు, పని జరిగింది. 2023 ఫిబ్రవరిలో క్రోమ్ బ్రౌజరు తన 110వ రూపాంతరంతో విండోస్ 7ను వదిలివేసింది. బ్రౌజరు పాతబడిన కొద్దీ సైట్లు ఒక్కొక్కటిగా తెరుచుకోవడం మానివేస్తాయి. విండోస్ 10కు ఆ రోజు ఇంకా కొంత దూరంలో ఉంది.

విండోస్ 11 కోరే అర్హతలు

ఒరిజినల్ లైసెన్సు ఉన్న విండోస్ 10 నుండి 11కు మారడానికి రుసుము లేదు. చిక్కు యంత్రపు అర్హతలోనే ఉంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ అనేవి చిన్న కోరికలే. టీపీఎం 2.0 అనే రక్షణ చిప్పు, సెక్యూర్ బూట్ అనే సదుపాయం, సంస్థ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసరు, ఈ మూడింటి దగ్గరే పాత కంప్యూటర్లు నిలిచిపోతున్నాయి. ఇంటెల్ ప్రాసెసర్లలో కొద్ది మినహాయింపులతో ఎనిమిదవ తరం నుండి, అంటే దాదాపు 2017 చివర నుండి వచ్చినవే జాబితాలో ఉన్నాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద ఉండే అబౌట్ పుటలో ప్రాసెసరు పేరు చూడండి. ఐ3, ఐ5 వంటి అక్షరాల తరువాత వచ్చే అంకె 7100 అనో 7200 అనో ఉంటే అది ఏడవ తరం, అర్హత లేదు. 8100 అని ఉంటే ఎనిమిదవ తరం, అర్హత ఉంది. 10400 అని ఉంటే పదవ తరం.

అంగడికి వెళ్ళేముందు ఇది చూసుకోవడం మంచిది. ఎందుకంటే అర్హత గల యంత్రాలలో కూడా టీపీఎం సదుపాయం కొన్నిసార్లు మూసి ఉంటుంది. కంప్యూటరు ప్రారంభమయ్యే వేళ తెరుచుకునే బయాస్ అమరికలలో దానిని తెరిస్తే చాలు, పైసా ఖర్చు లేదు. ఆ సంగతి తెలియక "ఇది సరిపోదు" అన్న సందేశాన్ని చూసి కొత్త యంత్రం కొన్నవారు ఉండవచ్చు.

అర్హత లేని యంత్రంలో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించి ఇచ్చేవారు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. అది ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. కాని అటువంటి యంత్రానికి అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. మనం మారాలనుకున్నదే అతుకుల కోసం. ఆ హామీ లేని కొత్తదనం కోసం డబ్బు ఇవ్వడం దేనికి? ఇక లైసెన్సు లేకుండా, క్రాక్ అనే దొంగతాళంతో ఎక్కించే ప్రతులు మరీ అపాయకరం. ఆ దొంగతాళంతో పాటు ఏమి లోపలికి వస్తుందో ఎక్కించినవాడికీ తెలియదు.

కొత్తది కొనడానికి ఇది మంచి కాలమూ కాదు. కృత్రిమ మేధ కోసం కట్టే భారీ కేంద్రాలు మెమరీ చిప్పులను పెద్దఎత్తున తీసుకుపోవడంతో 2025 చివరి నుండి ర్యామ్ ధరలు తీవ్రంగా పెరిగాయి. పాత యంత్రం మందగించిందన్నదే మీ ఫిర్యాదు అయితే, చాలాసార్లు దాని కారణం తిరిగే పళ్ళెం గల పాత హార్డ్‌డిస్కే. దాని స్థానంలో చిన్న ఎస్ఎస్‌డీ వేయిస్తే ఆపరేటింగ్ సిస్టమ్ మార్చకుండానే తేడా కనబడుతుంది.

ఖాతా ఎవరి పేర ఉంది?

ఇంతవరకు చెప్పినవి ఏ ఊరి వారికైనా వర్తించే విషయాలు. మా దృష్టిలో సరిహద్దు కుటుంబాలు అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరు. కంప్యూటరులోకి ఎక్కించే మైక్రోసాఫ్ట్ ఖాతా ఎవరి పేర, ఎవరి ఫోన్ నంబరు మీద ఉంది?

పూర్వం కంప్యూటరు ఇంటి వస్తువు. పెట్టె మనది, డిస్కు మనది, పాస్‌వర్డు ఉన్నా లేకున్నా ఒకటే. యంత్రం చెడిపోతే మెకానిక్ డిస్కును విప్పి మరొక యంత్రానికి తగిలించి ఫొటోలు, కాగితాలు తీసి ఇచ్చేవాడు. విండోస్ 11లో ఈ పరిస్థితి మారింది. 2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 రూపాంతరం నుండి, కొత్తగా కొన్న యంత్రంలోగాని, డిస్కును తుడిచి మొదటి నుండి ఎక్కించిన యంత్రంలోగాని మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించగానే, డిస్కులోని సమాచారమంతా తనంత తానుగా గూఢలిపిలోకి మారే ఏర్పాటు మామూలు అయింది. దానిని విప్పే 48 అంకెల తాళం చెవి, రికవరీ కీ అనేది, ఆ ఖాతాలో భద్రపడుతుంది. రోజువారీ వాడుకలో ఇది కంటికి కనబడదు. మదర్‌బోర్డు మార్చినప్పుడో, బయాస్ అమరికలు తారుమారైనప్పుడో తెరమీద ఆ 48 అంకెలు అడుగుతుంది. అంకెలు లేకపోతే డిస్కును ఏ మెకానిక్ విప్పినా ప్రయోజనం లేదు.

ఈ ఏర్పాటును తప్పు పట్టలేము. బస్సులో పోయిన ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడితే లోపలి బ్యాంకు కాగితాలు భద్రంగా ఉండేది దీనివల్లనే. కాని పల్లెలో కంప్యూటరును ఎవరు అమర్చుతారో ఆలోచించండి. అంగడి కుర్రవాడు తొందరలో తన ఈమెయిలు పెట్టి తెర తెరిచి ఇస్తాడు. లేదా బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసే కొడుకు పండుగకు వచ్చినప్పుడు తన నంబరుతో అమర్చి వెళతాడు. మన ఇళ్ళలో కర్ణాటక సిమ్ ఒకటి, ఆంధ్ర సిమ్ ఒకటి ఉండడం మామూలు. రీచార్జి లేక ఒకటి ఆగిపోతుంది, కొంతకాలానికి ఆ నంబరు మరెవరికో వెళుతుంది. రెండేళ్ళ తరువాత ఒకనాడు తెరమీద తాళం చెవి అడిగితే, ఆ చెవి ఉన్న ఖాతా ఎవరిదో ఇంట్లో ఎవరికీ తెలియదు. భూమి మనది, పహణి మరొకరి పేర ఉన్నట్లు.

పహణి పేరు ఎత్తాము గనుక చెప్పాలి. రూపనగుడి వంటి ఊళ్ళలో బొమ్మనహాళ్, డి.హీరేహాళ్, విడపనకల్లు వైపు బంధుత్వాలు, పొలాలు ఉన్న కుటుంబాలు ఉన్నాయి. అటువంటి ఇంటి కంప్యూటరులో ఇటు భూమి పథకపు పహణి ఉంటుంది, అటు మీభూమి అడంగలు, 1బి ఉంటాయి. పిల్లల మార్కుల పత్రాలు కన్నడంలో, పెళ్ళి శుభలేఖ తెలుగులో ఉంటాయి. వీటిలో పహణి, అడంగలు పోతే మళ్ళీ తీసుకోవచ్చు. అన్నదమ్ముల భాగపరిష్కారం నాటి కాగితానికి తీసిన ఫొటో, కాలం చేసిన తాతగారి ఒక్కగానొక్క చిత్రం, వీటికి మరొక కచేరీ లేదు.

అందువల్ల మారినా మారకపోయినా ఇంటి పెద్ద పేర, ఇంట్లో స్థిరంగా ఉండే నంబరుతో ఒక ఖాతా తెరిచి, దాని పాస్‌వర్డును కాగితం మీద వ్రాసి బ్యాంకు పాసుపుస్తకాలతో పాటు ఉంచండి. విండోస్ 11 ఉన్నవారు ఆ 48 అంకెలను కూడా ఖాతాలో చూసి వ్రాసుకోండి. పాస్‌వర్డును కాగితం మీద వ్రాయరాదని పట్టణపు నిపుణులు అంటారు. కార్యాలయానికి అది సరైన సలహాయే. నలుగురు ఉండే ఇంటికి, ఇనుప పెట్టెలోని కాగితమే మేలు.

విండోస్ 10లోనే ఉండి ఉచితంగా ఏడాది వాయిదా తీసుకునేవారికి కూడా ఈ మాట వర్తిస్తుంది, ఎందుకంటే ఆ నమోదూ ఖాతా ద్వారానే. ఖాతాతో పాటు వన్‌డ్రైవ్ అనే దూరపు నిల్వ కూడా తోడు వస్తుంది. అందులో ఉచితంగా దొరికేది 5 జీబీ మాత్రమే. ఫొటోలన్నీ అక్కడ భద్రంగా ఉన్నాయని నమ్మి ఇక్కడివి చెరిపివేయకండి.

తుంగ, గౌతమి, మన పాత ఫైళ్ళు

సరిహద్దు కంప్యూటరు రెండు లిపులు తెలిసి ఉండాలి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో తెలుగు, కన్నడ లిపులు యూనికోడ్‌లో విండోస్‌లోకి వచ్చాయి. అందులోని తెలుగు అక్షరరూపం పేరు గౌతమి, కన్నడ అక్షరరూపం పేరు తుంగ. ఎవరు పెట్టారో గాని, రెండు నదుల పేర్లు రెండు లిపులకు పెట్టడం ముచ్చటగా ఉంది. విండోస్ 10 నుండి ఈ రెండూ అదనపు అక్షరరూపాల జాబితాలోకి వెళ్ళాయి, కావలసినవారు సెట్టింగ్స్ ద్వారా తెచ్చుకోవాలి. నిర్మల అనే ఒకే అక్షరరూపం ఇప్పుడు రెండు లిపులకూ పనిచేస్తున్నది. గౌతమిలో వ్రాసుకున్న పాత ఉత్తరం కొత్త యంత్రంలో కాస్త వేరే ముఖంతో తెరుచుకుంటుంది, అంతే తప్ప అక్షరం చెడదు. తెలుగును ఉచ్చారణ ప్రకారం టైపు చేసే కీబోర్డు కూడా 2019లోనే విండోస్ 10లోకి వచ్చింది. కాబట్టి తెలుగు కోసం 11కు మారవలసిన అవసరం లేదు.

యూనికోడ్‌కు ముందు తరం ఫైళ్ళ సంగతి వేరు. అను వంటి అక్షరరూపాలతో పేజ్‌మేకర్‌లో కూర్చిన శుభలేఖలు, కరపత్రాలు, సంఘాల తీర్మానాలు, నాటక ప్రతులు ఎన్నో ఈ ప్రాంతపు ముద్రణశాలల కంప్యూటర్లలో ఉన్నాయి. కన్నడంలో నుడి సాఫ్టువేరు పాత రూపాలతో కూర్చినవీ ఉన్నాయి. వీటిలో తెలుగు అక్షరం నిజంగా తెలుగు అక్షరంగా నిల్వ కాలేదు. రోమన్ అక్షరానికి తెలుగు వేషం వేసినట్లు నిల్వ అయింది. ఆ అక్షరరూపం లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనబడతాయి. పైగా విండోస్ 11 కేవలం 64 బిట్ల వ్యవస్థ కావడంతో, మరీ పాత 16 బిట్ల సాఫ్టువేర్లు అందులో తెరుచుకోవు. కంప్యూటరు ప్రింటరు పోర్టుకు తగిలించే తాళపు పరికరంతో నడిచే పాత సాఫ్టువేర్లు ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి.

ఈ వ్యాసకర్త తన పాత వ్యాసాల సీడీ ఒకటి తెరిచి, పన్నెండు పుటల గుర్తుల గందరగోళాన్ని చూసి దిగాలుపడిన సందర్భం ఉంది. ఏ అక్షరరూపంతో కూర్చారో గుర్తుండడంతో, మార్పిడి సాఫ్టువేరు ద్వారా చాలావరకు యూనికోడ్‌లోకి తెచ్చుకోవడం సాధ్యమైంది. ఒత్తులు, సున్నాలు చేతితో దిద్దుకోవలసి వచ్చింది. పాత యంత్రం నడుస్తుండగానే ప్రతి ముఖ్యమైన ఫైలును యూనికోడ్‌లోకి మార్చుకోవడం, కనీసం అక్షరరూపాలు పొదిగిన పీడీఎఫ్‌గా దాచుకోవడం మంచిది. ఆ పని పూర్తికాకుండా డిస్కును తుడవడానికి ఎవరికీ ఇవ్వకండి.

ఎవరికి ఏది తగును

గ్రామ వన్, సేవా కేంద్రాల వంటివి నడిపేవారు, ఇతరుల ఆధార్, వేలిముద్ర, డబ్బు తమ యంత్రం గుండా పోయేవారు, విండోస్ 11కు మారక తప్పదని మా అభిప్రాయం. వారి యంత్రంలో సందు పడితే నష్టపోయేది వారొక్కరే కాదు, ఊరి వృద్ధుల పింఛను ఖాతాలు కూడా. అయితే వేలిముద్ర పరికరపు డ్రైవరు, దానితోపాటు నడిచే ఆర్‌డీ సేవ కొత్త విండోస్‌లో పనిచేస్తాయో లేదో పరికరం అమ్మినవారిని ముందుగా అడిగి, పాత యంత్రాన్ని పక్కన ఉంచుకుని మారాలి. పింఛన్ల రోజున పరికరం మొరాయిస్తే గుమ్మం ముందు నిలబడినవారికి ఏ సమాధానమూ చాలదు.

పిల్లల చదువు, ఉత్తరాలు, పాటలు, అప్పుడప్పుడు పహణి తీసుకోవడం మాత్రమే చేసే ఇంటికి తొందర లేదు. ఏడాది వాయిదాలో చేరి, బ్యాంకు పనిని ఆ యంత్రం నుండి తప్పించి, అప్‌డేట్లు సరిగా వచ్చే ఫోనులో చేసుకోవడం ప్రస్తుతానికి చాలు. అర్హత ఉన్న యంత్రమైతే, ఫైళ్ళకు నకలు తీసుకున్న తరువాత 11కు మారవచ్చు. విండోస్ 10 మీదనే నేరుగా 11 ఎక్కించుకున్నప్పుడు పైన చెప్పిన గూఢలిపి తనంత తానుగా మొదలుకాదు. అయినా మారిన వెంటనే ఒకసారి సరిచూసుకోండి.

అర్హత లేని యంత్రానికి 2026 అక్టోబరు 13 తరువాత చెత్తబుట్టే దారి కాదు. లినక్స్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు అటువంటి యంత్రాలలో తేలికగా నడుస్తుంది, రుసుము లేదు, అతుకులు క్రమంగా వస్తాయి. తెలుగు, కన్నడ రెండూ అందులో చక్కగా కనబడతాయి. లిబ్రే ఆఫీసుతో ఉత్తరాలు, లెక్కలు వ్రాసుకోవచ్చు. సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ భారతీయ భాషలకోసమే వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ ఏళ్ళ తరబడి తెలుగులో ఈ కృషి చేస్తున్నది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఎప్పుడో దీనికి మారాయి, అక్కడి పిల్లలు కంప్యూటరు పాఠాలు లినక్స్ మీదనే నేర్చుకుంటున్నారు. కేరళ బడి పిల్లవాడు నేర్చుకోగలిగినది రూపనగుడి పిల్లవాడు నేర్చుకోలేడా? కాకపోతే పేజ్‌మేకర్, అను, కొన్ని వేలిముద్ర పరికరాలు అందులో పనిచేయవని ముందే తెలుసుకుని మారాలి. పెన్‌డ్రైవ్ నుండి లినక్స్‌ను ప్రారంభించి, డిస్కును ముట్టుకోకుండానే రెండు రోజులు నడిపి చూసే వీలుంది.

ముద్రణశాలలకు మరొక ఉపాయం కూడా ఉంది. పాత పేజ్‌మేకర్ యంత్రాన్ని ఇంటర్నెట్టు నుండి పూర్తిగా విడదీసి, కూర్పుకు మాత్రమే వాడుకోవచ్చు. నెట్టు తీగ లేని యంత్రానికి బయటినుండి వచ్చే దాడి భయం చాలావరకు తీరుతుంది. అప్పుడు ప్రమాదం వచ్చే దారి పెన్‌డ్రైవ్ ఒక్కటే. శుభలేఖ కోసం వచ్చినవారు తెచ్చే పెన్‌డ్రైవ్‌ను ముందు వేరే యంత్రంలో పరీక్షించి, ఆ తరువాతనే దానికి తగిలించాలి.